గోస్తని పుట్టినిల్లు

విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు రైలు కొండలెక్కుచు, సొరంగము వెంట సొరంగము దాటుచు బొర్రాగుహల స్టేషనును చేరును. ఆ గుహలయందు సున్నపురాయి వేలకొలది యేండ్లుగా నీటిలో కరగి, తిరిగి గడ్డకట్టి, చిత్రవిచిత్రములైన రూపములను దాల్చినది. అందొకటి ఆవుపొదుగువలె నుండును. దానినుండి నీరు బొట్లుబొట్లుగా జారును. అందుచేతనే గుహల అడుగున ప్రవహించు ఏటికి గోస్తని యను పేరు వచ్చినదని అక్కడివారు చెప్పుకొందురు.

గోస్తని అనంతగిరి కొండలలో పుట్టి, సుమారు 120 కిలోమీటర్లు ప్రవహించి, భీమునిపట్టణమువద్ద బంగాళాఖాతమున కలియును. దారిలో విజయనగరము జిల్లాలోని తాటిపూడి జలాశయమును నింపును. ఆ జలాశయపు నీరు పొలములను తడుపుటయేగాక విశాఖపట్టణమునకు త్రాగునీరుగా కూడ పోవుచున్నది. నగరములో కుళాయి త్రిప్పి గ్లాసు నింపుకొను బాలునకు ఆ నీరు ఏ కొండపై కురిసిన వానయో తెలియదు. ఆ కొండపై నివసించు బాలికకు తన ఊరి గెడ్డలోని నీరు ఏ నగరమును చేరునో తెలియదు. ఈ యిరువురిని కలుపు బంధమును గూర్చియు, ఆ కొండలను కాపాడుటకు గిరిజన గ్రామములు చేయుచున్న కృషిని గూర్చియు ఇప్పుడు తెలిసికొందము.

పెంకుటింటి కప్పును చూడుడు. కొప్పునకు ఈవల పడిన వాన ఈవలి చూరునుండియు, ఆవల పడిన వాన ఆవలి చూరునుండియు కారును. కొండల వరుస కూడ నేలకు కొప్పు వంటిదే. అరకు, పాడేరు కొండలపై కురిసిన వానలో ఒక భాగము తూర్పునకు జారి గోస్తని, శారద మొదలగు నదులై నేరుగా సముద్రమును చేరును. మరియొక భాగము పడమరకు జారి మాచ్‌ఖండ్ నదియగును. అది డుడుమ జలపాతమై దుమికి, దిగువన సీలేరు అను పేరుతో సాగి, శబరిలో కలియును. శబరి గోదావరిలో కలియును. మాచ్‌ఖండ్ నీటినుండి 1955వ సంవత్సరము మొదలుకొని విద్యుచ్ఛక్తిని ఉత్పత్తి చేయుచున్నారు. ఈ విధముగా ఒక నదికి వాననీటిని చేర్చు నేల యంతటిని ఆ నదికి పరీవాహక ప్రాంతమందురు. ఇంటి కప్పు చెడినచో చూరునీరు చెడినట్లే, పరీవాహక ప్రాంతము చెడినచో నది చెడును.

ఈ కొండసీమ 2022వ సంవత్సరము వరకు విశాఖపట్టణము జిల్లాలో నుండెను. ఆ యేట క్రొత్తగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇది చేరినది. బగత, కొండదొర, కోందు, వాల్మీకి, కొటియ, పోర్జ, గదబ మొదలగు తెగలవారు ఇచ్చట తరతరములుగా నివసించుచున్నారు. గెడ్డల వెంబడి మెట్లుమెట్లుగా మడులు కట్టి వరి పండింతురు. వాలునేలలలో రాగులు, సామలు, వలిసెలు చల్లుదురు. వలిసెలు పూచినపుడు లోయ యంతయు పసుపు ఆరబోసినట్లు కనబడును.

ఇక కొండపై పడిన వాన ఏమగునో చూతము. ఒక హెక్టారు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో 10,000 లీటర్ల నీరు పడినట్లు. ఒకనాడు 50 మిల్లీమీటర్ల వాన కురిసినచో ఆ హెక్టారుపైననే 5 లక్షల లీటర్లు పడును. ఇంత నీరు గడియలలో జారిపోయినచో అది వరద. నెలల తరబడి కొంచెము కొంచెముగా దిగివచ్చినచో అది జీవనది. వాన ఒక్కటే, దానిని వరదగా మార్చుటయో, జీవనదిగా మార్చుటయో కొండ చేతిలో నున్నది.

చెట్టుచేమలు గల కొండపై చినుకు నేరుగా నేలను కొట్టదు. ఆకులపై పడి, కొమ్మలవెంట జారి, మెల్లగా దిగును. నేలపై రాలిన ఆకులు దుప్పటివలె పరచుకొని నీటి పరుగును ఆపును. వేళ్లును, వానపాములును, చెదలును చేసిన సన్నని దారులగుండ నీరు లోనికి ఇంకును. ఈ కనుమలలో విస్తారముగా కనబడు శిలకు ఖొండలైటు అని పేరు. ఇక్కడి కోందుల పేరునే భూగర్భశాస్త్రజ్ఞులు దానికి పెట్టిరి. ఎండకు వానకు శిథిలమైన ఈ రాయి పగుళ్లలోను, రంధ్రములలోను నీరు నిలుచును. కొన్ని కొండల నెత్తిపై ఈ రాయియే కాలక్రమమున బాక్సైటు పొరగా మారినది. ఆ పొర కూడ నీటిని పీల్చుకొనును. అట్లు దాగిన నీరే దిగువన ఏదో ఒక రాతిసందునుండి ఊటయై పుట్టును. ఊటలు కలిసి గెడ్డలగును. గెడ్డలు కలిసి నదియగును. పొదుపరియైన ఇల్లాలు గాదెలోని గింజలను ఏడాది పొడవున వాడుకొన్నట్లు, మంచి కొండ నాలుగు నెలల వానను పండ్రెండు నెలలకు సరిపెట్టును.

ఈ సంగతి గిరిజనులు పుస్తకములలో చదివి తెలిసికొన్నది కాదు. ఊట పుట్టినచోట చెట్లు కొట్టరాదనియు, దానిని మలినపరుపరాదనియు అనేక గ్రామములలో పెద్దల కట్టుబాటు కలదు. అట్టిచోట్ల దేవతను నిలిపి కొలుచుటయు కలదు. దైవభయముతో కాపాడిన ఆ తోపులే నేటికిని కొన్ని ఊళ్లకు నీరిచ్చుచున్నవి.

అట్లయినచో కొండలు ఎందుకు బోడులైనవి? పోడు వ్యవసాయమే కారణమని పలువురు తొందరపడి చెప్పుదురు. ఇది పూర్తిగా న్యాయమైన మాట కాదు. పోడనగా అడవిలో కొంత భాగమును కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తులు చల్లి పండించుట. రెండు మూడేండ్లు పండిన తరువాత ఆ నేలను వదలి మరియొక చోటికి పోవుదురు. వదలిన నేలపై పది పదిహేనేండ్లలో అడవి తిరిగి పెరుగును. జనము తక్కువ, అడవి ఎక్కువ అయిన కాలమున ఈ పద్ధతి సాగినది. తరువాత ప్రభుత్వములు అడవులను హద్దులు కట్టి తమ అధీనములోనికి తీసికొనెను. కలప కొరకును, వంటచెరకు కొరకును చెట్లు తరలిపోయెను. జనము పెరిగెను. నేలకు దొరకు విశ్రాంతి పదియేండ్లనుండి మూడు నాలుగేండ్లకు తగ్గెను. అలసిన ఎద్దును విప్పకయే మరల కాడికి కట్టినచో ఏమగునో, ఆ నేలకు అదియే అయినది.

బోడికొండపై పడిన వాన మట్టిని కోసికొని పోవును. వేల యేండ్లకు ఏర్పడిన పైమన్ను కొన్ని వానకాలములలోనే గెడ్డల పాలగును. ఆ మట్టి మడులలో ఇసుక మేట వేయును. జలాశయములలో అడుగున పేరుకొని, అవి పట్టు నీటిని తగ్గించును. కొండలోనికి ఇంకవలసిన నీరు ఇంకదు గనుక ఫాల్గుణ మాసము రాకమునుపే ఊట సన్నగిల్లును. అప్పుడు కష్టము మొదట ఎవరికి? బిందె నెత్తిన పెట్టుకొని నడచు ఆడువారికి. దగ్గరి ఊట ఎండినచో వారు దూరపు ఊటకు పోవలెను. తల్లితోపాటు కూతురును పోవలెను. ఆ బాలిక బడికి ఆలస్యముగా వచ్చుటయో, రాకయే పోవుటయో జరుగును. దూరమున కొండపై కొట్టిన చెట్టునకును, బడిలో ఖాళీగానున్న చోటునకును ఇట్టి సంబంధమున్నది.

దీనికి చికిత్స ఏమి? చాలకాలము వరకు కాపలాదారులను పెట్టుటయే చికిత్సయని తలచిరి. కాని కొండలోని ప్రతి చెట్టు వద్ద ఒక కాపలాదారును నిలుపుట ఎవరితరము? ఆ కొండపై బ్రదుకువారే దానిని తమదిగా ఎంచినపుడు గాని అది నిలువదని క్రమముగా తెలియవచ్చెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1992లో గ్రామస్థులతో వనసంరక్షణ సమితుల నేర్పరచు పద్ధతిని ప్రారంభించెను. అడవిని కాచినవారికి దాని ఫలసాయములో పాలు ఇయ్యవలెనన్నది అందలి సూత్రము. తరువాత ప్రముఖ ఆర్థికశాస్త్రవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఒక సంఘము, మెట్టసీమలలో నీటిని నేలను కాపాడు పనులు గ్రామస్థుల సమితుల ద్వారానే జరుగవలెనని 1994లో సూచించెను. ఆ సూచనల ననుసరించి 1995 నుండి దేశమంతట వాటర్‌షెడ్ పథకములు నడచినవి. ఈ కొండసీమలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థయు, కొన్ని స్వచ్ఛంద సంస్థలును ఇట్టి పనులకు తోడ్పడినవి.

ఇట్టి పని ఒక గ్రామమున ఎట్లు సాగునో చూతము. మొదట ఊరివారందరు ఒకచోట చేరుదురు. నేలపై ముగ్గుతోను, రంగుపొడులతోను తమ కొండను, గెడ్డలను, పొలములను, ఊటలను గీయుదురు. ఏ ఊట ఏ నెలలో ఎండునో పురుషులకంటె స్త్రీలకే బాగుగా తెలియును. నీరు మోయువారు వారే గదా! అందుచేత స్త్రీలు కూర్చుండని సభలో గీచిన పటము సగము తప్పుగానే యుండును. తరువాత ఒక సమితిని ఎన్నుకొని, ఏ పని ముందు, ఏ పని వెనుక, ఎవరు ఎన్ని దినములు పనిచేయవలెను అను విషయములను నిర్ణయింతురు.

పని ఎల్లప్పుడు కొండ నెత్తినుండి ప్రారంభింపవలెను. దిగువన గెడ్డకు అడ్డముగా గొప్ప కట్ట కట్టి, పైనున్న కొండను బోడిగా వదలినచో, రెండు మూడేండ్లలో ఆ కట్ట వెనుక మట్టి నిండి కట్ట వ్యర్థమగును. పైనుండి వచ్చు నీటి వేగమును పైననే తగ్గించినచో, దిగువకు చిన్న కట్టలే చాలును.

కొండవాలుపై నీటిని ఆపుటకు కందకములు త్రవ్వుదురు. అవి వాలునకు అడ్డముగా, ఒకే ఎత్తున సాగవలెను. ఏమాత్రము వంగినను నీరు ఒక కొనకు పరుగెత్తి గట్టును తెంచును. ఒకే ఎత్తున నున్న చోట్లను కలుపు గీతను సమోన్నత రేఖ యందురు. దానిని గుర్తించుటకు విలువైన పరికరములు అవసరము లేదు. రెండు సమానమైన వెదురుకర్రలను పైకొనలవద్ద కట్టి, కాళ్లవలె విడదీసి, నడుమ ఒక అడ్డకర్రను బిగింతురు. పైముడినుండి దారమునకు రాయి కట్టి వ్రేలాడదీయుదురు. చట్రమును నేలపై నిలిపి దారము అడ్డకర్రను తాకినచోట గుర్తు పెట్టుదురు. కాళ్లను తారుమారుచేసి, అదేచోట నిలిపి, మరల గుర్తు పెట్టుదురు. ఆ రెండు గుర్తుల నడిమి స్థానమే సరియైన మధ్యస్థానము. ఇక కొండవాలుపై ఒక కాలిని కదలకుండ ఉంచి, రెండవ కాలిని పైకి క్రిందికి జరుపుచు పోవుదురు. దారము మధ్యస్థానముపై నిలిచినపుడు రెండు కాళ్లును సమానమైన ఎత్తున నున్నట్లు. బడికి పోని రైతు సయితము దీనితో ఒక ఉదయములో కొండకు అడ్డముగా గీత గీయగలడు. మీరును దీనిని చేసి చూడవచ్చును.

మూడు మీటర్ల పొడవు, అరమీటరు వెడల్పు, అరమీటరు లోతు గల ఒక కందకము 750 లీటర్ల నీరు పట్టును. హెక్టారునకు అట్టివి 100 త్రవ్వినచో, ఒక్కసారి నిండినపుడు 75,000 లీటర్ల నీరు నిలిచి నేలలో ఇంకును. వానకాలములో అవి అనేక పర్యాయములు నిండును. త్రవ్విన మట్టిని దిగువ గట్టుపై పోసి, దానిపై గడ్డిని, మొక్కలను నాటుదురు. వాననీరు కోసిన గండ్లకు అడ్డముగా రాళ్లను పేర్చుదురు. ఆ రాతికట్ట నీటిని పూర్తిగా ఆపదు. దాని పరుగును మాత్రము నడకగా మార్చును. వెనుక మట్టి నిలుచును, ముందునకు తేటనీరు పోవును.

ఊటను కాపాడుట ఇంకను సున్నితమైన పని. ఊట ఒకచోట పుట్టినను, దానికి చేరు వాన మరియొకచోట పడుచుండవచ్చును. లోపలి రాతిపొరలు ఏ వైపునకు వాలియున్నవో చూచి, ఆ వాన ఇంకు నేలను కనుగొనవలెను. అక్కడనే కందకములు త్రవ్వి, మొక్కలు పెంచి, పశువులను కొంతకాలము మేపక విడువవలెను. పని ఫలించినదో లేదో తెలియుటకు ఊటను కొలువవలెను. 20 లీటర్ల పాత్ర 40 సెకండ్లలో నిండినచో, ఆ ఊట నిమిషమునకు 30 లీటర్లు, దినమునకు 43,200 లీటర్లు ఇచ్చుచున్నట్లు. నెలకొకసారి ఇట్లు కొలిచి పుస్తకములో వ్రాసికొను యువకులు తమ కొండకు నాడి చూచు వైద్యులవంటివారు.

ఊట ఊరికంటె ఎత్తున నున్నచో మరియొక మేలు కలదు. దానిచుట్టు తొట్టి కట్టి, ఇసుక, గులకరాళ్లలో వడగట్టి, గొట్టముగుండ క్రిందికి వదలినచో, నీరు తన బరువుచేతనే ఊరిలోని కుళాయిని చేరును. యంత్రము వలదు, విద్యుత్తు వలదు. విశాఖ జిల్లా నవనిర్మాణ సమితి వంటి సంస్థలు ఈ కొండలలో అనేక గ్రామములకు ఇట్టి నీటి ఏర్పాట్లు చేయుటలో తోడ్పడినవి. ఇట్టి ఏర్పాటు నిలుచుటకు గ్రామస్థులు ఇంటికింత అని చందా వేసికొని, గొట్టము పగిలినపుడు బాగుచేసికొనవలెను. కుళాయి వాకిటకు వచ్చిన ఊరివారు ఎగువనున్న ఊటను మరింత శ్రద్ధగా కాపాడుదురు. నీరు ఎక్కడిదో వారు మరువరు గదా!

అయితే మొక్కలు నాటినంతమాత్రమున ఆకలి తీరదు. పోడు మానిన కుటుంబమునకు వేరొక జీవనము కావలెను. అట్టి జీవనములలో కాఫీ ముఖ్యమైనది. కాఫీమొక్క నీడను కోరును. అందుచేత కాఫీ వేయవలెనన్నచో కొండవాలుపై పెద్దచెట్లు ఉండవలెను. 1960 ప్రాంతములనుండి అటవీశాఖయు, తరువాత కాఫీబోర్డును, గిరిజనాభివృద్ధి సంస్థయు ఈ సీమలో కాఫీని వ్యాపింపజేసినవి. 2000 సంవత్సరము తరువాత నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో చిన్న, సన్నకారు గిరిజన రైతులు తమ సహకార సంఘమును స్థాపించుకొనిరి. కాఫీతోపాటు మామిడి, పనస మొదలగు చెట్లను లక్షలకొలది నాటిరి. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇందులోను జాగ్రత్తలు కలవు. త్వరగా పెరుగునని ఒకే జాతి సిల్వర్ ఓక్ చెట్లను నాటినచో, నేరేడు, పనస, చింత వంటి నానావిధములైన చెట్లున్న అడవి ఇచ్చు మేలు దొరకదు. కాఫీపండ్ల తొక్క తీసి కడిగిన నీటిని గెడ్డలోనికి వదలినచో, నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చును. దానిని గుంటలలో నిలిపి శుద్ధిచేయవలెను. ఒక రోగమునకు వేసిన మందు మరియొక రోగమును తేరాదు.

కొండను కాపాడుటకు శ్రమ యొక్కటియే చాలదు. హక్కు కూడ కావలెను. బొర్రాగుహల సమీపమున అనంతగిరి మండలములో నిమ్మలపాడు అను చిన్న గ్రామమున్నది. అక్కడ గనులు త్రవ్వుటకు గిరిజనేతర సంస్థలకు ప్రభుత్వము కౌలు ఇచ్చెను. గనులు త్రవ్వినచో పొలములు పోవును, త్రవ్విపోసిన మన్ను గెడ్డల పాలగును. గ్రామస్థులు దానిని ఎదిరించిరి. వారి పక్షమున సమత అను స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానమునకు పోయెను. 1997 జూలై 11వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. షెడ్యూల్డు ప్రాంతమున ప్రభుత్వము సయితము తన భూమిని గిరిజనేతరులకు గనుల కౌలుకు ఇయ్యరాదని ఆ తీర్పులోని ముఖ్యాంశము. కొండ చాటునున్న చిన్నపల్లె పేరు ఈ వ్యాజ్యమువలన దేశమంతట వినబడెను.

1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టము షెడ్యూల్డు ప్రాంతములలోని చిన్న నీటివనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము, పరిసరములలోని పరీవాహక ప్రాంతములను, నీటి వనరులను కాపాడు అధికారమును గ్రామసభలకు ఇచ్చినది. ఊటవద్ద చెట్టు కొట్టరాదన్న పూర్వుల కట్టుబాటునకు ఈ విధముగా నేటి చట్టము అండగా నిలిచినది.

అయినను ఇట్టి ప్రయత్నములన్నియు ఫలించినవని చెప్పుట సత్యము కాదు. కొన్నిచోట్ల డబ్బు ఉన్నంతవరకు కందకములు త్రవ్వి, తరువాత వానిలో పేరుకొన్న మట్టిని తీయువారు లేక వదలివేసిరి. కొన్నిచోట్ల సమితి కాగితముపై మాత్రమే యుండి, నిర్ణయములు వేరెవరో చేసిరి. కొన్నిచోట్ల పొలము గలవారికి నీరు దక్కినది. మేకలు తప్ప మరేమియు లేని పేదకు మేత మాత్రము పోయినది. అట్టివాడు రాత్రివేళ మేకలను కొండపైకి తోలినచో, ఊరంతయు ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని వానిని నిందించుట సులభము. వానికి కూడ మేలు కలుగు దారి చూపుట కష్టము. ఆ కష్టమైన పనిని చేసినచోటనే కొండ పచ్చబడినది.

దీనికి హర్యానాలోని సుఖోమాజ్రి గ్రామము నిదర్శనము. చండీగఢ్ నగరమున 1958లో కట్టిన సుఖ్నా సరస్సు ఎగువ కొండలనుండి వచ్చు మట్టితో పూడిపోసాగెను. ఆ కొండలపై పశువులను మేపుకొని బ్రదుకు పల్లెలలో సుఖోమాజ్రి ఒకటి. 1970 తరువాత పి.ఆర్. మిశ్రా అను అధికారి ఆ గ్రామస్థులతో కలిసి పనిచేసి, అక్కడ చిన్న మట్టికట్టలు కట్టించెను. ఆ నీటితో గ్రామస్థుల పొలములు పండినవి. కాని ఆ నీటిలో భూమిలేనివారికి పాలేది? అని ప్రశ్న వచ్చెను. పొలము ఉన్నను లేకున్నను ప్రతి కుటుంబమునకును నీటిలో సమానమైన హక్కు ఉండునట్లు గ్రామస్థులు ఏర్పాటు చేసికొనిరి. తనకు వలదన్నవాడు తన పాలు మరియొకనికి అమ్ముకొనవచ్చును. నాటినుండి పశువులను కొండపై విచ్చలవిడిగా విడుచుట మానిరి. ముళ్లకంచె లేకయే కొండకు కంచె ఏర్పడెను. సరస్సులోనికి వచ్చు మట్టి మిక్కిలి తగ్గెను.

దిగువ నగరమునకు కూడ కర్తవ్యము లేకపోలేదు. అమెరికాలోని న్యూయార్కు మహానగరము దూరమున నున్న కొండలనుండి త్రాగునీరు తెచ్చుకొనును. నీటిని వడగట్టుటకు గొప్ప కర్మాగారము కట్టవలసిన అవసరము కలిగినపుడు, అంతకంటె తక్కువ ఖర్చుతో కొండలనే కాపాడవచ్చునని నగరము గ్రహించెను. 1997లో కొండ గ్రామములతో ఒడంబడిక చేసికొని, అక్కడి రైతులు నేలను గెడ్డలను శుభ్రముగా ఉంచుకొనుటకు ధనసహాయము చేయుచు వచ్చెను. నీరు త్రాగువారు నీటిని కాచువారికి ఋణపడియున్నారన్న న్యాయమును ఆ ఒడంబడిక అంగీకరించినది. గోస్తని నీటిని, శారద నీటిని వాడుకొను మైదానపు ఊళ్లును, నగరములును ఈ న్యాయమును గూర్చి ఆలోచింపదగియున్నది.

మన ఇండ్లలో ఆడపడుచు అత్తవారింట ఎంత సుఖముగానున్నను, పుట్టినిల్లు పచ్చగా ఉండవలెనని కోరుకొనును. పుట్టింట కరవు వచ్చినదని తెలిసినచో ఆమె ముఖము వాడును. నది కూడ అట్టి ఆడపడుచే. ఆమె మెట్టినిల్లు సముద్రము, పుట్టినిల్లు కొండ. ఆ పుట్టింట వెదురుచట్రము పట్టుకొని కొండవాలున గీత గీయు రైతును, ఊటవద్ద పాత్ర నిలిపి లెక్క వ్రాయు యువకుడును, సభలో లేచి ఏ ఊట ఎప్పుడు ఎండినదో చెప్పు తల్లియు ఆమె క్షేమమునకై పాటుపడుచున్నారు. మీ ఊరికి నీరు ఏ కొండనుండి, ఏ చెరువునుండి, ఏ ఏటినుండి వచ్చుచున్నదో అడిగి తెలిసికొనుడు. అక్కడ దానిని కాచుచున్నవారెవరో కూడ తెలిసికొనుడు. వారికి మనము చేయదగినది ఏమియో అప్పుడు మనకే తోచును.